పదో వచనం ఎక్కడికి పోయింది?

తెలుగు సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ



కొత్త సంవత్సరపు వాగ్దానపు కార్డులకు ప్రెస్సుల్లో ఆర్డర్లు పడే రోజులివి. వెనక ఒక కొండో సూర్యోదయమో, కింద చర్చి పేరు, ఫోన్ నంబరు, మధ్యలో ఒక వచనం. డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక వరస వరసకూ పళ్ళెం తిరుగుతుంది. పిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా కళ్ళు మూసుకుని తలా ఒక కార్డు తీస్తారు. మంచి వచనం వచ్చిందనుకున్నవాళ్ళ మొహాలు వెలుగుతాయి. అంత మంచిది రాలేదనుకున్నవాళ్ళు పక్కవాళ్ళ కార్డులోకి తొంగిచూస్తారు. తెల్లారేసరికి అది వాట్సాప్ స్టేటస్సు. ఆపైన ఏడాది పొడుగునా బైబిలు జిప్పు కవరులో దాని కాపురం.

ఆ పళ్ళెంలో తప్పకుండా ఉండే వచనం యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజల గురించి తలపెట్టినది మేలే తప్ప కీడు కాదని, వాళ్ళకు ముందు మంచి కాలం ఉందని చెప్పే వచనం. వీసా ఇంటర్వ్యూకు వెళ్ళే అబ్బాయికీ, పెళ్ళి కుదరని అమ్మాయికీ, డయాలిసిస్ మీదున్న తండ్రికీ అదే చెప్పి ధైర్యపరుస్తారు. ధైర్యపరచడంలో తప్పేమీ లేదు. కానీ సరిగ్గా దానికి ముందున్న పదో వచనాన్ని ఎవరూ కార్డు మీద వేయించరు. ఆ మేలు డెబ్బై ఏళ్ళు గడిచాకే అని చెప్పేది ఆ వచనమే.

యిర్మీయా 29లో ఉన్నది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెకొన్యా రాజును, అధిపతులను, చేతిపని తెలిసినవాళ్ళను యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోయాడు. అలా చెరపోయినవాళ్ళకు, ఊళ్ళో మిగిలిపోయిన ప్రవక్త రాసి పంపాడు. సిద్కియా రాజు బబులోనుకు పంపిన ఎల్యాశా, గెమర్యాల చేతికిచ్చాడు. అందులో ముందున్నవి వాగ్దానాలు కావు, పనులు. అక్కడే ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు వేసుకోమన్నాడు, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యమన్నాడు, తమను చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించమన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న ముప్పై ఏళ్ళ మనిషి డెబ్బై ఏళ్ళ చివరను చూడడు. పదకొండో వచనంలోని మేలు అతని మనవలది. అతనికి మిగిలింది పరాయి ఊళ్ళో మట్టి పిసికి గోడ కట్టుకోవడం.

దానికి ముందున్న 28వ అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని దేవాలయంలో జనం ముందు ప్రకటించాడు. యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టాడు కూడా. జనానికి ఎవరి మాట రుచించి ఉంటుందో వేరే చెప్పాలా? ఈనాడు కార్డు మీదికి ఎక్కింది యిర్మీయా మాటే. దాన్ని చదివే తీరు మాత్రం హనన్యాది. రెండేళ్ళు కూడా కాదు, ఈ పన్నెండు నెలల్లోనే.

కార్డులు మానేయమని ఈ లేఖ అడగడం లేదు. వచనం తీసే అలవాటుకు పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊరిలో జింజెండార్ఫ్ దొర 1728 మే 3న తన సహవాసానికి మర్నాటికి ఒక మాట ఇచ్చాడు. అక్కడి నుంచి రోజుకో వచనం ఇంటింటికీ చేరవేసే పద్ధతి మొదలైంది, 1731 నుంచి ఏటేటా పుస్తకంగా వస్తోంది. ఇప్పటికీ అందులో పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి ఎంచుతారు. కానీ దాన్ని ఒంటరిగా వదలరు. దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని ఒకరు చదివి, ఆలోచించి పక్కన చేరుస్తారు.   

ఇంకో చిన్న సంగతి. యిర్మీయా తన ఉత్తరానికి వచనాల నంబర్లు వేయలేదు, పౌలూ వేయలేదు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటరు, 1551లో. వెతుక్కోవడానికి వేసిన నంబర్లవి. కత్తిరించుకోవడానికి కూడా పనికొచ్చాయి!

డిసెంబరు 31 రాత్రి కూడికకు మూలం ఏమిటో కూడా ఒకసారి చూడాలి. వాచ్ నైట్ సర్వీసును 18వ శతాబ్దంలో ఇంగ్లండులో వాడుకలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు జాన్ వెస్లీ. ఆయన 1755లో లండనులో నిబంధన ఆరాధన అని ఒకటి జరిపాడు. తర్వాత్తర్వాత మెథడిస్టులకు అది కొత్త సంవత్సరపు ఆరాధన అయింది. అందులో విశ్వాసి దేవుని దగ్గర్నుంచి ఏం రాబోతోందో తెలుసుకోడు. తనను తాను ఏ పనికైనా, ఏ స్థితికైనా అప్పగించుకుంటున్నానని చెబుతాడు. అదీగాక వెస్లీ మనుషులు వారానికోసారి చిన్న గుంపులుగా కూర్చుని, గడిచిన వారంలో ఎక్కడ తప్పారో, ఏ శోధన ఎదురైందో ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఇది పరాయి కథేమీ కాదు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టించిన పోస్నెట్ ఆ వెస్లియన్ మిషను మనిషే. అర్ధరాత్రి ఆరాధన తెలుగు నేల మీద నిలిచింది. అడగడం మాత్రం జారిపోయింది.

విశ్వాసాన్ని పరీక్షించుకోవడం అనగానే చాలా ప్రసంగాల్లో వినిపించేది 2 కొరింథీయులు 13:5. అదీ చుట్టూ ఉన్న మాటలు లేకుండానే. కొరింథువాళ్ళు అప్పటికి పౌలును పరీక్షిస్తున్నారు. క్రీస్తు ఇతనిలో మాట్లాడుతున్నాడనడానికి రుజువేమిటని అడుగుతున్నారు. మూడో వచనంలో ఆ సంగతి ఉంది. దానికి పౌలు, ముందు మీలో మీరు చూసుకోండి అని ప్రశ్నను వాళ్ళ మీదికే తిప్పాడు. అయితే అపొస్తలుల కార్యములు 17లో బెరయవాళ్ళు అదే పౌలు చెప్పింది నిజమో కాదో ప్రతిరోజూ లేఖనాలు తెరిచి సరిచూశారు. లూకా వాళ్ళను తిట్టలేదు సరికదా, థెస్సలొనీకవాళ్ళకంటే ఘనులన్నాడు. రెండూ కలిపి చదివితే తేలేది ఇది: బోధకుడి మాటనూ, తన బ్రతుకునూ ఒకే లేఖనం ముందు పెట్టాలి. ఒకటి చేసి ఇంకోటి మానేస్తే, విశ్వాసి బోధకుణ్ణి తూచడమే పనిగా పెట్టుకున్న కొరింథువాడవుతాడు, లేదా ఏం చెప్పినా ఆమెన్ అనే అమాయకుడవుతాడు.

తెలుగు సంఘాల్లో ఈ రెండోవాళ్ళే ఎక్కువ. ఎవరైనా యువకుడు లేచి, అయ్యగారూ, ఆ వచనం అక్కడ వేరే అర్థంలో ఉంది కదా అంటే, అభిషిక్తులను ముట్టకూడదన్న జవాబు వస్తుంది. అది 105వ కీర్తన. ఆ కీర్తనలో ముట్టకూడదన్నది కొద్దిమందిగా, దేశం కాని దేశంలో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను. ఆ హెచ్చరిక రాజులకు. బలవంతుల చేతుల నుంచి బలహీనులను కాపాడిన మాటను మైకు ఉన్నవాడు మైకు లేనివాడి మీద వాడితే ఎలా?

వచనాన్ని విడదీసి వాడటం సాతానుకు కూడా తెలుసు. మత్తయి 4లో దేవాలయ శిఖరం మీద యేసుతో అతను చెప్పింది 91వ కీర్తనలోని మాట. ఇంటి గుమ్మాల మీద, ఆటోల వెనక, కారు అద్దాల మీద అందరికీ ఇష్టమైన ఆ కీర్తనే. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే బదులిచ్చాడు: ఒకటి 8వ అధ్యాయం నుంచి, రెండు 6వ అధ్యాయం నుంచి. అరణ్యంలో ఇశ్రాయేలు పడిపోయిన చోట్లను గుర్తుచేసే అధ్యాయాలవి. ఒక లేఖనాన్ని ఇంకో లేఖనంతో సరిచూడటం ఎలాగో అంతకంటే స్పష్టంగా నేర్పే చోటు బైబిల్లో ఇంకెక్కడా లేదేమో.

ఇక విశ్వాసాన్ని దేనితో కొలవాలి? ఈ ప్రశ్న ఒంగోలు నేల మీద ఒకసారి చాలా గట్టిగా ఎదురైంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి పని ఇచ్చాడు. బోధకులు ఆ పనులు చూసుకుంటూనే, విరామంలో సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపేశాడు. కూలి కోసం, కూడు కోసం వచ్చేవాడెవడో, నమ్మి వచ్చేవాడెవడో కరువులో తెలియదు కనుక. కరువు సాయం అయిపోయాక, చేతిలో ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. బోధకులు తమ పల్లెలవాళ్ళను విచారించి ముందుకు తెచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

ఆ సంఖ్యను చరిత్ర పుస్తకాలు గొప్పగా చెబుతాయి. దానికంటే చెప్పుకోదగింది ముందు ఆగిన ఆ కాలం. అంతకు పదేళ్ళ ముందు, యెర్రగుంట్ల పేరయ్యతో మొదలైన మాదిగ విశ్వాసులకు ఉన్న ఆనవాళ్ళు కూడా ఊరంతా చూడగలిగినవే. ఆదివారం పనికి వెళ్ళరు, చచ్చిన గొడ్డు మాంసం తినరు, గ్రామదేవతల కొలుపుల్లో డప్పు కొట్టరు. దానికోసం రైతుల కోపం, కూలి నష్టం భరించారు. ఆ ఆనవాళ్ళు అన్నీ నేటికి సరిపోతాయని కాదు. ఆ విశ్వాసానికి ఖరీదు ఉంది, ఆ ఖరీదు ఎంతో పక్కింటివాడు లెక్క చెప్పగలడు. అంతే.

ఇప్పుడు సాక్ష్యాల సమయంలో వినిపించేవి ఏమిటి? వీసా వచ్చింది, ఆపరేషను సక్సెస్ అయింది, బ్యాంకు లోను మంజూరైంది, స్థలం అమ్ముడైంది. కృతజ్ఞత చెప్పడం మంచిదే. కానీ ఇవన్నీ దేవుడు ఏమిచ్చాడో చెబుతాయి, విశ్వాసం ఎంత ఎదిగిందో చెప్పవు. లూకా 19లో జక్కయ్య సాక్ష్యంలో ఉన్నవి వేరే లెక్కలు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు వెనక్కి. ఆ నాలుగింతలు ఊరికే వచ్చిన అంకె కాదు. దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలివ్వాలని నిర్గమకాండం 22 చెబుతుంది. అంటే తన్ను తాను లేఖనం ముందు పెట్టుకుని, దొంగ మీద పడే శిక్షను తానే వేసుకున్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్న తర్వాత. తెలుగు సంఘంలో ఎవరైనా మైకు తీసుకుని, బాకీ ఎగ్గొట్టిన కిరాణా కొట్టువాడికి తిరిగి కట్టేశానని సాక్ష్యం చెబితే, ఆ కొట్టువాడు చర్చికి వచ్చినా రాకపోయినా, ఊళ్ళో ఆ సంఘానికి ఒక పేరుంటుంది.

ఎదుగుదలను కొలవడానికి గలతీయులు 5లో తొమ్మిది గుణాల ఆత్మఫలం ఉంది. చిత్రమేమిటంటే, అందులో చాలావాటికి మార్కులు వేయాల్సింది ఆ మనిషి కాదు. దీర్ఘశాంతం ఉందో లేదో భార్యను అడగాలి, సాత్వికం సంగతి కింద పనిచేసేవాణ్ణి అడగాలి, ఆశానిగ్రహం గురించి పిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంట్లో గిన్నెలు విసిరే మనిషి ఉపవాస కూడికలో ఎంతసేపు మోకరించినా, ఆ తొమ్మిదిలో ఏదీ పెరిగినట్టు కాదు.

ఇదంతా అధ్యాయాలకు అధ్యాయాలు చదివితేనే సాధ్యం. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతాయి. స్కాట్లండులో డండీ సంఘ కాపరి రాబర్ట్ మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఒక పట్టిక తయారుచేసి ఇచ్చాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు. ఆ మరుసటి ఏడే, 29 ఏళ్ళకే చనిపోయాడు. ఆ పట్టిక మాత్రం ఇంకా నడుస్తోంది. దానిలో మెచ్చుకోవలసింది ఒకటుంది: పట్టిక ఇచ్చే ముందే దాని వల్ల వచ్చే ప్రమాదాలు చెప్పాడు. చదవడం మొక్కుబడి అవుతుందని, చదివానన్న గర్వం వస్తుందని, కొందరికి మోయలేని బరువవుతుందని. రీడింగ్ ప్లాన్ యాప్‌లో వరసగా ఇన్ని రోజులు చదివానని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ళకు ఆ ముందుమాట తెలుగులో అచ్చువేసి ఇస్తే బాగుండును.

హైదరాబాదు హెబ్రోను సంఘంతో పేరు ముడిపడ్డ సువార్తికుడు భక్తసింగ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. పంజాబులో చదువుకునే రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలును ఆ కుర్రవాడు చింపేశాడు. అట్ట తోలుది, అందంగా ఉందని అదొక్కటి దాచుకున్నాడు. 1929 డిసెంబరులో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి బైబిలు అడిగి తీసుకున్నాడు. మత్తయి సువార్తతో మొదలుపెట్టి అర్ధరాత్రి దాటినా దించకుండా, మర్నాడూ వరసగా చదివాడు. యోహాను 3వ అధ్యాయం దగ్గర అతను ఆగిపోయాడు. అతని బ్రతుకును మలుపు తిప్పిన మాట చీటీలో రాలేదు. మూడు సువార్తలు దాటి చదువుతూ ఉండగా ఎదురైంది.

చదవడం రానివాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనది. తెలుగు సంఘాల మొదటి తరాల్లో అక్షరం రానివాళ్ళే ఎక్కువ. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి చదివి వినిపించారు, సువార్త కథలు పాటలై కంఠస్థమయ్యాయి. ఇప్పుడు తెలుగు ఆడియో బైబిలు ఏ చవక ఫోనులోనైనా దొరుకుతుంది. పొలం గట్టు మీద, కువైటులో వంటింట్లో, డాలస్‌లో కారులో ఒక అధ్యాయం మొత్తం వినొచ్చు. కువైటు వంటింట్లో ఉన్న తల్లికి యిర్మీయా 29 పూర్తిగా వినిపించండి. పరాయి పట్టణపు క్షేమం కోరమన్న మాట ఆమెకు అర్థమైనంతగా బహుశా ప్రసంగించేవారికి కూడా అర్థం కాదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పరీక్షించుకోమనగానే గర్విష్ఠి నిద్రపోతాడు, సున్నితమైనవాడే రాత్రంతా మేలుకుంటాడు. డిప్రెషన్‌తో బాధపడే అమ్మాయికి నీ విశ్వాసం చాల్లేదని చెప్పిన కాపరులున్నారు, అది వాక్యం కాదు. మార్కు 9లో మూర్ఛపడే కొడుకును తెచ్చిన తండ్రి, నమ్మకమూ ఉందని, అపనమ్మకమూ ఉందని ఒకే నోటితో ఒప్పుకున్నాడు. యేసు అతనికి క్లాసు పీకలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రావలసినవాడు నీవేనా, ఇంకొకరి కోసం చూడాలా అని మనుషులను పంపాడు. జవాబుగా వచ్చింది గద్దింపు కాదు. గుడ్డివాళ్ళు చూస్తున్నారని, బీదలకు సువార్త అందుతోందని కళ్ళారా చూసినది వెళ్ళి చెప్పమన్నాడు యేసు. సందేహాన్ని విశ్వాసం లేకపోవడంతో కలిపేయకూడదని ఈ రెండు చోట్లూ చూపిస్తాయి. డాక్టరు దగ్గరికి పంపాల్సినవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపడం కూడా కాపరి పనే.

చివరిగా ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం, రొట్టె విరవక ముందు, ఎవరిని వారు పరీక్షించుకోవాలని 1 కొరింథీయులు 11:28 చదువుతారు. ఒక నిమిషం మౌనం, కొన్ని కన్నీళ్ళు. ఎవరికి వారు తమ రహస్య పాపాలు తలుచుకుంటారు. కానీ ఆ భాగం మొదలయ్యేది 17వ వచనం దగ్గర. కొరింథులో కలిగినవాళ్ళు తమ భోజనం తాము ముందే తినేశారు, తాగేశారు; లేనివాళ్ళు ఆకలితో నిలబడ్డారు. లేనివాళ్ళను సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడింది దానికి. పరీక్షించుకోమన్నది ఆ కోపంలోనే. 33వ వచనంలో చెప్పిన పరిష్కారం కూడా కన్నీళ్ళు కాదు, ఒకరికోసం ఒకరు ఆగి కలిసి తినడం.

తెలుగు క్రైస్తవుల్లో మాల చర్చి, మాదిగ చర్చి అని విడిపోయిన ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళి ప్రకటనల్లో క్రైస్తవులు అన్న మాట పక్కనే కులం పేరు ఉంటుంది. ఈ సంగతి కాపరులకు తెలియనిది కాదు. అందుచేత ఈసారి బల్ల ఆదివారానికి ముందు, శనివారం ప్రార్థనలో 28వ వచనం ఒక్కటే కాకుండా 17 నుంచి 34 దాకా చదివించండి. పెద్దల కమిటీతో కూర్చుని కొన్ని పేర్లు రాయించండి: సంఘంలో ఎవరింట్లో ఎవరు అన్నం తినరు, ప్రేమ విందులో ఆఖరి పంక్తిలో మిగిలిపోయేది ఎవరు, కూర అయిపోయాక వడ్డన చేరేది ఏ వైపుకి, పెద్దల కమిటీలో ఇంతవరకూ ఒక్కరు కూడా లేని పేట ఏది. జాబితా తయారయ్యాక అందులోని మొదటి ఇంటికి ఆ ఆదివారం మధ్యాహ్నమే భోజనానికి వెళ్ళండి, పిలిచే దాకా ఆగకుండా మీరే కబురు పెట్టి.